ప్లీడరు గారి బోర్డుకు అనుమతి ఎవరిస్తారు? నంబరు చూశాకే వకాల్తా!

విశాఖపట్నం: భూమి పోయే ఊరికి ముందుగా సర్వేయరు గొలుసు వస్తుంది. ఆ వెనకే నష్టపరిహారం పెంచి ఇప్పిస్తామంటూ ఎవరో ఒకరు దిగుతారు. 1933లో ఓడరేవు తెరిచిన నాటి నుంచి ఈ ప్రాంతపు పల్లెలకు కోర్టు పని తగులుతూనే ఉంది. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేసిన తరువాత ఆ పని మరీ పెరిగింది. ఇచ్చిన పరిహారం చాలదనుకున్న రైతు వ్యవహారాన్ని కోర్టుకు పంపమని కోరే హక్కును 1894 నాటి భూసేకరణ చట్టం 18వ సెక్షన్ ఇచ్చింది. 2014 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త చట్టంలోనూ అటువంటి హక్కు ఉంది.

హక్కు ఉన్నచోట ప్లీడరు కావాలి. చిక్కంతా ఇక్కడే. నల్లకోటు తొడుక్కున్న ప్రతివారూ ప్లీడరు కారు. గదికి బోర్డు తగిలించినంత మాత్రాన అది లా ఆఫీసు కాదు. దస్తావేజు లేఖరి, స్టాంపుల విక్రేత, పాత గుమాస్తా, కోర్టు ఆవరణలో తిరిగే దళారి - వీరిలో ఎవరికి వారు తమకు చట్టం తెలుసుననే చెబుతారు. ఎంతో కొంత తెలిసి ఉండవచ్చు కూడా. కానీ జడ్జి గారి ముందు నిలబడి కక్షిదారు తరఫున వాదించే అధికారం వారికి లేదు.

మరి ఆ అధికారం ఇచ్చేది ఎవరు? కలెక్టరు కాదు, మునిసిపల్ కార్పొరేషను కాదు, జిల్లా జడ్జి కూడా కాదు. 1961 నాటి అడ్వకేట్ల చట్టం ప్రకారం ఆ పని రాష్ట్ర బార్ కౌన్సిల్‌ది. అన్ని రాష్ట్రాల కౌన్సిళ్ల పైనా ఢిల్లీలో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఉంది. దానికి విశాఖ మనిషి ఒకరు అధ్యక్షత వహించిన సంగతి కొత్త తరానికి అంతగా తెలియదు. ఈ నగరానికి మేయరుగా పనిచేసిన న్యాయవాది డి.వి. సుబ్బారావు ఆ పదవి నిర్వహించారు.

కంపెనీకి కాదు, మనిషికి

ఇంగ్లండులో సొలిసిటర్లు కొత్తగా ఆఫీసు పెట్టుకోవాలంటే ఆ సంస్థకే ప్రత్యేకంగా నియంత్రణ సంస్థ అనుమతి తెచ్చుకోవాలి. ఎవరు నడుపుతారు, కక్షిదారుల సొమ్ము ఎలా భద్రపరుస్తారు, పొరపాటు జరిగితే బీమా ఉందా అని ముందే అడుగుతారు. మన దేశంలో పద్ధతి వేరు. ఇక్కడి న్యాయవాదులు నలుగురు కలసి ఆఫీసు పెట్టుకుంటే ఆ ఆఫీసుకు బార్ కౌన్సిల్ లైసెన్సు అంటూ ఏమీ లేదు. 1932 నాటి భాగస్వామ్య చట్టం కింద ఒప్పందం రాసుకుని, రిజిస్టరు చేయించుకుంటే సరిపోతుంది. అయితే ఆ నలుగురిలో ప్రతివారికీ బార్ కౌన్సిల్ జాబితాలో పేరు, నంబరు ఉండి తీరాలి. న్యాయవాది కానివారితో ఫీజులో వాటా పంచుకోరాదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధన కచ్చితంగా చెబుతోంది. అంటే పెట్టుబడి షావుకారుది, నల్లకోటు వేరొకరిది, లాభం చెరి సగం అనే బేరం చెల్లదు. కేసు తెచ్చిపెట్టినందుకు దళారికి కమీషను ఇవ్వడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

జాబితాలో పేరు ఎక్కాలంటే భారత పౌరుడై ఉండాలి, 21 ఏళ్లు నిండాలి, బార్ కౌన్సిల్ గుర్తించిన కళాశాల నుంచి లా డిగ్రీ ఉండాలి. ఇంటరు తరువాత అయిదేళ్ల కోర్సు, డిగ్రీ తరువాత మూడేళ్ల కోర్సు అని రెండు దారులున్నాయి. మన పిల్లలకు ఆంధ్రా విశ్వవిద్యాలయంలోని అంబేద్కర్ న్యాయ కళాశాల చేరువలోనే ఉంది. సబ్బవరంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. డిగ్రీ చేతికి వచ్చాక బార్ కౌన్సిల్‌కు దరఖాస్తు పెట్టాలి. దానిని కౌన్సిల్‌లోని నమోదు సంఘం పరిశీలిస్తుంది. నైతిక పతనంతో కూడిన నేరంలో శిక్ష పడినవారిని విడుదలైన రెండేళ్ల వరకు చేర్చుకోరు. దరఖాస్తును తిరస్కరించదలచితే రాష్ట్ర కౌన్సిల్ తన ఇష్టానుసారం చేయడానికి వీలులేదు. కారణాలు రాసి ఢిల్లీ కౌన్సిల్ అభిప్రాయం తీసుకోవాలి.

ఫీజు 750 రూపాయలే

కూలి చేసి కొడుకునో కూతురినో లా చదివించిన తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవలసిన ముచ్చట ఇది. చట్టంలో రాసిన నమోదు ఫీజు మొత్తం 750 రూపాయలు. రాష్ట్ర కౌన్సిల్‌కు 600, ఢిల్లీ కౌన్సిల్‌కు 150. షెడ్యూల్డు కులాలు, తెగలవారికి 100, 25 కలిపి 125 రూపాయలు మాత్రమే. స్టాంపు డ్యూటీ దీనికి అదనం. చట్టం ఇలా ఉండగా రకరకాల పద్దుల కింద దేశమంతటా వేలకు వేలు వసూలు చేస్తూ వచ్చారు. పొరుగున ఉన్న ఒడిశాలో 42,100 రూపాయలు పడుతోందని సుప్రీంకోర్టుకు వెళ్లినవారు లెక్క చూపారు. 2024 జూలై 30న సుప్రీంకోర్టు ఈ వ్యవహారాన్ని తేల్చివేసింది. చట్టంలో ఉన్నదానికి మించి ఒక్క పైసా నమోదు షరతుగా అడగరాదని, పేద ఇంటి నుంచి వచ్చే యువకులకు ఇది వృత్తి గుమ్మం దగ్గరే అడ్డుకట్ట వేయడమేనని తీర్పు చెప్పింది. అయితే అంతకుముందు కట్టినవారికి సొమ్ము వాపసు లేదు. ఇష్టమైతే ఇవ్వండి అనే పేరుతోనూ నమోదు వేళ అదనంగా తీసుకోరాదని 2025 ఆగస్టులో కర్ణాటక వ్యవహారంలో మరోమారు స్పష్టం చేసింది. 42 వేలు ఎక్కడ, 125 రూపాయలు ఎక్కడ! పాడేరు కొండల నుంచి వచ్చే గిరిజన యువకుడికి ఈ తేడా విలువ ఎంతో చెప్పనక్కరలేదు.

పేరు ఎక్కినా పని పూర్తికాదు. 2010 నుంచి అఖిల భారత బార్ పరీక్ష పెట్టారు. మొదట తాత్కాలిక నమోదు ఇస్తారు, రెండేళ్లలో ఈ పరీక్ష గట్టెక్కాలి. ప్రశ్నలు వంద. జనరల్ వారికి 45, ఎస్సీ, ఎస్టీలకు 40 మార్కులు వస్తే చాలు. తెలుగులోనూ రాసుకోవచ్చు. ఈ పరీక్ష పెట్టే అధికారం బార్ కౌన్సిల్‌కు ఉందా అని కొందరు కోర్టుకెక్కగా, ఉందని 2023 ఫిబ్రవరి 10న రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

ఉక్కు కర్మాగారంలో, రేవులో ఉద్యోగం చేస్తూ లా చదివినవారు ఈ నగరంలో కనిపిస్తూ ఉంటారు. జీతం తీసుకుంటూ పూర్తికాలం ఉద్యోగంలో ఉన్నవారు ప్రాక్టీసు చేయరాదు. ఉద్యోగం మానాలి, లేదా రిటైరు కావాలి. రిటైరయ్యాక వయసు మీరిందంటారేమో అన్న బెంగ అక్కరలేదు. 45 ఏళ్లు దాటినవారిని చేర్చుకోరాదన్న నిబంధనను సుప్రీంకోర్టు 1995లోనే కొట్టివేసింది.

బోర్డు మీద ఏముండాలి?

ఆఫీసు గది అద్దెకు దొరికింది, బల్ల, కుర్చీలు వచ్చాయి. ఇక బోర్డు. దీనికీ నియమం ఉంది. బోర్డు తగుమాత్రం సైజులో ఉండాలి. గతంలో జడ్జిగా చేశాననో, బార్ అసోసియేషనుకు అధ్యక్షుడిననో రాయకూడదు. ఫలానా రకం కేసులలో దిట్టనని కూడా రాయకూడదు. పత్రికలలో ప్రకటనలు, కరపత్రాలు నిషిద్ధం. 2008లో మాత్రం వెబ్‌సైటులో పేరు, చిరునామా, నమోదు నంబరు, చదువు, చేసే పని వంటి వివరాలు పెట్టుకోవడానికి అనుమతించారు. కనుక గోడ నిండా రంగులతో గెలుపు గ్యారంటీ అని కనిపిస్తే అక్కడ ఆగడం కంటే ముందుకు నడవడమే మేలు.

రేవు ఉన్న ఊరు కనుక ఇక్కడి న్యాయవాదులకు ఓడల వ్యాజ్యాలూ తెలియాలి. 1984లో ఎం.వి. ఎలిసబెత్ అనే విదేశీ ఓడ గోవాలోని మర్మగోవా రేవులో సరుకు ఎక్కించుకుని, పత్రాలు ఇవ్వకుండా వెళ్లిపోయింది. సొమ్ము చెల్లించని కొనుగోలుదారుకు సరుకు అప్పగించిందని గోవా వర్తకులు లబోదిబోమన్నారు. అదే ఓడ తరువాత విశాఖ రేవులో అడుగుపెట్టగానే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఉత్తర్వుతో దానిని నిలిపివేశారు. విదేశీ ఓడను ఆపే అధికారం ఈ హైకోర్టుకు లేదని యజమానులు సుప్రీంకోర్టు దాకా పోరాడారు. 1992లో వారు ఓడిపోయారు. విశాఖలో ఆగిన ఓడ మీద వచ్చిన తీర్పు దేశమంతటికీ దారి చూపింది. ఓడల వ్యాజ్యాలకు ప్రత్యేక చట్టం 2017లో వచ్చి 2018 ఏప్రిల్ 1 నుంచి అమలవుతోంది. విదేశీ లా కంపెనీలు మన దేశంలో పనిచేయాలంటే మాత్రం ఆ కంపెనీయే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దగ్గర రిజిస్టరు కావాలని 2023లో నిబంధనలు వచ్చాయి. అవి మన కోర్టులలో వాదించడానికి వీలులేదు.

పర్సంటేజీ బేరం

ఓడల సంగతి అలా ఉంచితే పల్లె రైతుకు అసలు దెబ్బ తగిలేది వేరేచోట. 'ఇప్పుడు ఏమీ ఇవ్వకండి, పరిహారం వచ్చాక నూటికి ఇంత ఇవ్వండి చాలు' అనే మాట వినడానికి తీయగా ఉంటుంది. చేతిలో చిల్లిగవ్వ లేనివారు సరేనంటారు. ఖాళీ చెక్కులు, ప్రామిసరీ నోట్ల మీద సంతకాలు పెట్టేస్తారు. ఇటువంటి బేరం న్యాయవాది పెట్టరాదు. గెలుపును బట్టి ఫీజు, వచ్చిన సొమ్ములో వాటా - రెండూ బార్ కౌన్సిల్ నిబంధనలలో నిషిద్ధమే. తెలంగాణలో రోడ్డు ప్రమాదంలో భర్తను పోగొట్టుకున్న ఒక మహిళ పరిహారంలో వాటా కింద ఆమె న్యాయవాది చెక్కు తీసుకుని, అది చెల్లకపోతే ఆమె మీదే క్రిమినల్ కేసు పెట్టారు. 2017 డిసెంబరు 5న సుప్రీంకోర్టు ఆ కేసును కొట్టివేసింది. అటువంటి ఫీజు వృత్తి ధర్మానికి విరుద్ధమని చెప్పింది. అలాగని ఫీజే ఇవ్వనక్కరలేదని కాదు. ముందే మాట్లాడుకున్న ఫీజు ఇచ్చి, రసీదు అడిగి పుచ్చుకోవచ్చు.

వకాల్తా మీద సంతకం పెట్టేముందు చూడవలసింది ఒక్కటే, నమోదు నంబరు. వరుస సంఖ్య, దాని పక్కన నమోదైన సంవత్సరం ఉంటాయి. ఖాళీ వకాల్తా మీద వేలిముద్ర వేయవద్దు. నంబరు చెప్పడానికి జంకేవారికి కాగితాలు ఇవ్వకూడదు. చదువురాని పెద్దలైతే ఊళ్లో చదువుకున్న కుర్రవాడిని వెంట తీసుకువెళ్లి చదివించుకోవాలి. జాబితాలో పేరున్నదీ లేనిదీ బార్ కౌన్సిల్‌ను అడిగి తెలుసుకోవచ్చు. దొంగ డిగ్రీల బెడద ఎంత ముదిరిందంటే, దేశంలోని న్యాయవాదులందరి పట్టాలనూ సరిచూడడానికి 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టే కమిటీ వేయవలసి వచ్చింది. అధికారం లేకుండా కోర్టులో ప్రాక్టీసు చేసినవారికి ఆరు నెలల వరకు జైలు అని చట్టంలో ఉంది.

నిజమైన న్యాయవాదే తప్పు చేస్తే? 2024 మే 14 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం వినియోగదారుల ఫోరానికి వెళ్లే వీలు లేదు. రాష్ట్ర బార్ కౌన్సిల్‌కే ఫిర్యాదు రాయాలి. విచారణ జరిపి మందలించవచ్చు, కొంతకాలం ప్రాక్టీసు ఆపవచ్చు, పేరే కొట్టివేయవచ్చు. ఏడాదిలోగా తేల్చాలని చట్టం అంటుంది. అలా తేలకపోతే ఫిర్యాదు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు బదిలీ అవుతుంది. రాష్ట్ర కౌన్సిల్ నిర్ణయం నచ్చకపోతే 60 రోజులలో ఢిల్లీకి, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు అప్పీలు ఉంది.

ఫీజు ఇచ్చుకోలేనివారు దళారి వెంట పోవలసిన పని లేదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ కోర్టు ఆవరణలోనే ఉంటుంది. స్త్రీలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. మిగిలినవారికి ఆదాయ పరిమితి ఉంది. ఫోను నంబరు 15100.