బొమ్మల పుస్తకాల పెద్దాయన ఎరిక్ కార్ల్



మన ఇళ్ళలో పిల్లలు ఐదేళ్ళదాకా అమ్మతో, అవ్వతో, తాతతో తెలుగులోనే మాట్లాడతారు. బడిలో చేరగానే నల్లబల్ల మీద కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో కనబడుతుంది. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్ల అక్కడ నోరు విప్పదు. పిల్ల మందకొడి అని తీర్పు చెప్పేసేవాళ్ళూ ఉంటారు. కోలారులోనైనా, హోసూరులోనైనా, బరంపురంలోనైనా, షోలాపురంలోనైనా ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. ఇంటి నుంచి బడికి నడిచే దూరం ఫర్లాంగే అయినా, పిల్లకు అది సముద్రమంత వెడల్పుగా కనిపిస్తుంది.

అలాంటి సముద్రాన్ని నిజంగానే దాటిన ఒక పిల్లవాడి కథ ఈ రోజు చెబుతాను. ఆయన పేరు ఎరిక్ కార్ల్. చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలు రాసి, వాటికి బొమ్మలు కూడా తానే వేసిన అమెరికా రచయిత. ఆయన గొంగళిపురుగు కథ 60కి పైగా భాషల్లోకి వెళ్ళింది.

ఎరిక్ 1929 జూన్ 25న అమెరికాలోని సిరక్యూస్ అనే ఊళ్ళో పుట్టాడు. తల్లిదండ్రులు జర్మనీ నుంచి వలస వచ్చినవాళ్ళు. అతను చేరిన మొదటి బడిలో గదినిండా ఎండ వెలుగు, పెద్ద పెద్ద కాగితాలు, లావుపాటి కుంచెలు, రంగులు ఉండేవి. ఆ ఆనందాన్ని ఆయన ముసలితనందాకా తలుచుకుంటూనే ఉన్నాడు. 1935లో, ఆరేళ్ళ వయసులో, ఆ కుటుంబం జర్మనీకి తిరిగి వెళ్ళి స్టుట్‌గార్ట్ నగరంలో స్థిరపడింది. అప్పటికి అక్కడ హిట్లర్ పాలన. కొత్త బడిలో కొత్త భాష, చిన్న కాగితం, గట్టి పెన్సిలు, తప్పు చేస్తే అరచేతి మీద వెదురు బెత్తం. చదువంటే అతనికి అప్పుడే విరక్తి పుట్టింది.

పెద్దయితే వంతెనలు కట్టే ఇంజనీరునవుతానని అనుకునేవాడట ఆ కుర్రవాడు. జర్మనీ నుంచి అమెరికాకు సముద్రం మీద వంతెన కట్టి, తనకెంతో ఇష్టమైన అవ్వ చెయ్యి పట్టుకుని నడిపించుకుపోవాలని అతని కోరిక. పిల్లల ఆశలు అలాగే ఉంటాయి కదా!

ఇక తండ్రి సంగతి. సెలవు రోజున కొడుకును వెంటబెట్టుకుని పొలాల్లో, అడవుల్లో తిప్పేవాడు. రాయి ఎత్తి, చెట్టు బెరడు తొలగించి, కింద దాగిన పురుగుల్ని చూపించి, ఏది ఎలా బతుకుతుందో చెప్పేవాడు. చూపించాక వాటిని మళ్ళీ వాటి చోట పదిలంగా పెట్టేవాడు. యుద్ధం వచ్చి ఆ తండ్రిని సైన్యంలోకి లాక్కుపోయింది. సోవియట్ సైన్యానికి ఖైదీగా చిక్కి, 1947లో ఎముకల గూడై తిరిగి వచ్చాడు. కార్ల్ పుస్తకాల నిండా చీమలు, సాలీళ్ళు, మిణుగురులు, కీచురాళ్ళు ఎందుకున్నాయో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది. తండ్రితో గడిపిన ఆ మంచి రోజుల్ని ఆయన బొమ్మల్లో దాచుకున్నాడు.

యుద్ధకాలంలో ఆ దేశం రంగులు పోగొట్టుకుంది. విమానదాడులకు చిక్కకుండా ఇళ్ళకు బూడిదరంగు, మట్టిరంగు పూశారు. ఆధునిక చిత్రకళను నాజీ ప్రభుత్వం నిషేధించింది. ఆ రోజుల్లో క్రౌస్ అనే చిత్రలేఖనం మాస్టారు ఈ కుర్రవాణ్ణి రహస్యంగా ఇంటికి పిలిచి, నిషేధంలో ఉన్న పికాసో, మాతిస్, క్లే వంటివారి చిత్రాల ప్రతులు చూపించాడు. ఎవరికైనా తెలిస్తే ఆ మాస్టారి గతి ఏమవుతుందో ఊహించుకోండి. ఆ ఒక్క మధ్యాహ్నం ఆ పిల్లవాడి కళ్ళు తెరిపించింది. దాదాపు 70 ఏళ్ళ తరువాత, 2011లో, కార్ల్ నీలిగుర్రాన్ని గీసే చిత్రకారుడి కథ ఒకటి ప్రచురించాడు. నీలిగుర్రాలు చిత్రించిన ఫ్రాన్జ్ మార్క్ అనే జర్మన్ చిత్రకారుడికి అది నివాళి. ఆకుపచ్చ సింహాన్ని గీసిన పిల్లను కసరుకోకూడదని ఉపాధ్యాయులం నేర్చుకోవలసిన పాఠం అందులో ఉంది.

స్టుట్‌గార్ట్ కళాశాలలో చదువు ముగించి, 1952లో జేబులో 40 డాలర్లతో, చంకలో తన బొమ్మల అట్టతో న్యూయార్క్ చేరాడు. లియో లియోనీ అనే పేరున్న కళాకారుడి సాయంతో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో ఉద్యోగం దొరికింది. తరువాత చాలాకాలం వ్యాపార ప్రకటనలకు బొమ్మలు వేశాడు. ఒక ప్రకటనలో ఆయన వేసిన ఎర్రటి సముద్రపు రొయ్య బొమ్మ బిల్ మార్టిన్ అనే బాలసాహిత్య రచయిత కంటబడింది. నా పుస్తకానికి బొమ్మలు వేయమని ఆయన కబురుపెట్టాడు. 1967లో వచ్చిన ఆ పుస్తకంలో ఒక గోధుమరంగు ఎలుగుబంటిని ఏం చూస్తున్నావని అడుగుతారు. అది ఎర్రపిట్టను చూపుతుంది. ఎర్రపిట్టను అడిగితే పసుపు బాతును చూపుతుంది. మన ఏడుచేపల కథ గుర్తుకొస్తోందా? చేపను అడిగితే గడ్డిమోపును, గడ్డిమోపును అడిగితే ఆవును చూపించే ఆ గొలుసే ఇది కూడా. తరువాత ఏం వస్తుందో పిల్లకు ముందే తెలుస్తుంది. తెలుసు గనక ధైర్యంగా నోరు విప్పుతుంది. కొత్త భాషలో మొదటి మాట పలికించడానికి ఇంతకన్నా మంచి ఉపాయం లేదు.

ఇక 1969లో వచ్చిన గొంగళిపురుగు కథ. అది పుట్టిన తీరు విచిత్రం. ఒకరోజు కార్ల్ కాగితాల కట్టకు బెజ్జాలు వేస్తున్నాడు. ఆ గుండ్రటి బెజ్జాలు చూడగానే పుస్తకం తినే పురుగు గుర్తుకొచ్చింది. విల్లీ అనే పురుగు మీద కథ అల్లి సంపాదకురాలు ఆన్ బెనెడ్యూస్‌కు చూపించాడు. ఆమెకు ఆ పురుగు అంతగా నచ్చలేదు. గొంగళిపురుగైతే ఎలా ఉంటుందని అడిగింది. సీతాకోకచిలుక అని కార్ల్ ఎగిరి గంతేశాడు. అలా ముగింపు దొరికింది. కానీ పేజీల్లో బెజ్జాలు, ఒక్కో పేజీ ఒక్కో వెడల్పు. ఇలాంటి పుస్తకాన్ని అందుబాటు ధరలో అచ్చువేసేవాళ్ళు అమెరికాలో దొరకలేదు. చివరికి జపానులో అచ్చయింది.

కథ ఇంతే. ఆదివారం పొద్దున గుడ్డులోంచి పురుగు బయటికొస్తుంది. సోమవారం ఒక యాపిల్, మంగళవారం రెండు పియర్ పండ్లు, ఇలా శుక్రవారం ఐదు నారింజలదాకా తింటుంది. శనివారం కేకు, ఐస్‌క్రీము, పచ్చడి, పుచ్చకాయ అంటూ పదిరకాలు మెక్కి కడుపునొప్పి తెచ్చుకుంటుంది. మర్నాడు ఒక పచ్చని ఆకు తిని కుదుటపడుతుంది. గూడు కట్టుకుని, రెండు వారాలకు పైగా అందులో ఉండి, రంగురంగుల సీతాకోకచిలుకై బయటికొస్తుంది. ఇందులో అంకెలున్నాయి, వారాల పేర్లున్నాయి, ప్రకృతి పాఠం ఉంది, తిండి మీద చిన్న హెచ్చరికా ఉంది. అయినా ఏదీ పాఠంలా ఉండదు. పిల్ల బెజ్జంలో వేలు దూర్చుకుంటూ చదువుతుంది. పుస్తకం ఆటవస్తువులా ఉండాలి, ఆటవస్తువు చదువులా ఉండాలి అన్నది కార్ల్ పద్ధతి. ఇంటి వెచ్చదనం వదిలి బడికి వెళ్ళే ఆ మలుపే పిల్లలకు పెద్ద దెబ్బ అని ఆయన నమ్మాడు. ఆ దెబ్బ తగ్గించడానికే ఈ పుస్తకాలు.

అందుకే 1984లో వచ్చిన సాలీడు కథలో గూటి దారాలు కాగితం మీద ఉబ్బెత్తుగా ఉంటాయి. చూపులేని పిల్లలు కూడా వేలితో తడిమి తెలుసుకోవచ్చు. 1990 నాటి కీచురాయి కథలో చివరి పేజీ తెరిస్తే కీచుమని చప్పుడు వస్తుంది. 1995 నాటి మిణుగురు కథలో చివర దీపాలు వెలుగుతాయి.

బొమ్మలు వేసే పద్ధతి కూడా చెబుతాను. పలుచని టిష్యూ కాగితాల మీద ముందుగా రంగులు పూస్తాడు. కుంచెతో, స్పాంజితో, తివాచీ ముక్కతో, ఒక్కోసారి వేళ్ళతో. ఆరాక రంగుల వారీగా సొరుగుల్లో సర్దిపెడతాడు. కావలసిన ఆకారం కత్తిరించి అట్ట మీద అతికిస్తాడు. మన గాలిపటం కాగితంతో, మైదా జిగురుతో ఏ పిల్లయినా చేయగల పని ఇది.

పట్టుపురుగులు పెంచే కోలారు, శిడ్లఘట్ట వైపు పిల్లలకు ఈ కథ చెబితే ఒక ప్రశ్న రావచ్చు. పట్టుగూడులోంచి వచ్చేది రెక్కలపురుగే గానీ సీతాకోకచిలుక కాదు కదా అని. ప్రశ్న సరైనదే. సీతాకోకచిలుకల్లో ఎక్కువభాగం దారంతో గూడు అల్లవు. వాటి ప్యూపా గట్టి పెంకుతో కొమ్మకు వేలాడుతుంది. కార్ల్‌ను కూడా ఇదే అడిగారు. చిన్నప్పుడు నువ్వు నీ గూట్లోంచి బయటికి రా అని తండ్రి తనతో అంటూ ఉండేవాడని, అందుకే ఆ మాట ఉంచుకున్నానని ఆయన జవాబిచ్చాడు. మనం మాత్రం పిల్లలకు కథా చెప్పాలి, శాస్త్రమూ చెప్పాలి.

ఇప్పుడు మనం చేయగలిగిందేమిటి? పాత క్యాలెండరు కాగితాలు ఎనిమిది తీసుకోండి. పురుగుకు మన పండ్లే పెట్టండి. సోమవారం ఒక జామకాయ, మంగళవారం రెండు సపోటాలు. పేజీకి పైన తెలుగులో వారం పేరు, కింద బడి భాషలో వారం పేరు పిల్లచేతనే రాయించండి. అప్పుడొక చిత్రం జరుగుతుంది. సోమవారం కన్నడానికి, మరాఠీకి, ఒడియాకి కూడా ఇంచుమించు అదే. మన ఆదివారం కన్నడంలో భానువార, మరాఠీలో రవివార్. ఆదిత్యుడు, భానుడు, రవి ముగ్గురూ సూర్యుడే. తమిళంలో సోమవారం తింగళ్. తింగళ్ అంటే చంద్రుడు, సోముడన్నా చంద్రుడే. మన పెద్దలనే బేస్తవారం బృహస్పతి పేరు మీద వచ్చింది. తమిళుల వియాళన్ కూడా బృహస్పతే. రెండు భాషలూ పగవాళ్ళు కావని, చుట్టాలని పిల్లకు తెలిసిన రోజున బడిలో నోరు దానంతటదే విప్పుతుంది. ఇంటి తెలుగును మరచిపోవలసిన అవసరమూ రాదు.

కార్ల్ 70కి పైగా పుస్తకాలు చేశాడు. 2002లో భార్య బార్బరాతో కలిసి మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఆమ్‌హర్స్ట్‌లో బొమ్మల పుస్తకాల కళకు ఒక మ్యూజియం పెట్టాడు. 2021 మే 23న, 91 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. ఇంజనీరు కాలేదు గానీ, చిన్నప్పుడు అనుకున్న వంతెన మాత్రం కాగితంతో కట్టేశాడు. దాని మీద ఎన్నో దేశాల పిల్లలు ఇంటి భాష నుంచి బడి భాషకు, బడి నుంచి ఇంటికి నడుస్తున్నారు.

మన పిల్లలకు అలాంటి వంతెన కట్టడానికి కావలసినవి ఎనిమిది కాగితాలు, కాస్త జిగురు, పక్కన కూర్చునే ఒక పెద్దమనిషి. ఈ ఆదివారమే మొదలుపెట్టండి.