మాట్లాడుతున్నాడు కదా అని వదిలేయొద్దు

బండి మీంచి పడ్డ మనిషి కాసేపు స్పృహ తప్పి, మళ్లీ లేచి, మట్టి దులుపుకుని ‘ఏం కాలేదు, ఇంటికెళ్తా’ అంటాడు. చుట్టూ చేరినవాళ్లకు పోయిన ప్రాణం లేచొస్తుంది. మెదడు వైద్యులు భయపడేది ఈ మాటకే. కణత దగ్గర పుర్రె పలచన. దాని లోపలివైపు ఆనుకునే ఒక ధమని ఉంటుంది. ఎముక చిట్లి అది తెగితే పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య నెత్తురు చేరుతుంది. గడ్డ పెద్దదయ్యేదాకా మనిషి మామూలుగానే ఉంటాడు. ఆ తెరిపి నిమిషాలే ఉండొచ్చు, గంటలు ఉండొచ్చు. తర్వాత తలనొప్పి, వాంతులు, మగత. 2009 మార్చిలో కెనడాలో స్కీయింగ్ నేర్చుకుంటూ పడిపోయిన నటి నతాషా రిచర్డ్‌సన్ కూడా లేచి మామూలుగా మాట్లాడారు. సుమారు గంటకు తలనొప్పి మొదలైంది. రెండు రోజులకు కన్నుమూశారు. వేళకు కనిపెడితే ఆపరేషన్‌తో తీసేయగలిగిన గడ్డ ఇది. నన్ను బాధపెట్టేదీ అదే.

స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోయడం మన రోడ్ల మీద ఇంకా చూస్తూనే ఉంటాం. మింగే శక్తి లేనప్పుడు ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రెక్కలు పట్టి ఆటోలో కుక్కితే విరిగిన మెడకు ఇంకా ప్రమాదం. 108కి ఫోన్ చేసి, ఊపిరి ఆడుతోందో లేదో చూస్తూ ఉండాలి. సాయం చేసినవాణ్ని పోలీసులు, కోర్టులు వేధించకుండా 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేర్చారు.

ఐసీయూ బయట కూర్చున్న ప్రతి కుటుంబం చెవిన పడే మాట ‘జీసీఎస్ ఎంత?’ 1974లో గ్లాస్గోలో గ్రాహమ్ టీస్‌డేల్, బ్రయన్ జెనెట్ అనే వైద్యులు తయారుచేసిన స్పృహ కొలత ‘గ్లాస్గో కోమా స్కేల్’ అది. కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15 మార్కులు. అన్నిటికన్నా తక్కువ సున్నా కాదు, 3. ఎనిమిదికి దిగితే కోమాగా లెక్కించి, సాధారణంగా శ్వాసనాళంలో గొట్టం వేస్తారు. ఏ యంత్రమూ అక్కర్లేని ఈ లెక్కను నర్సమ్మ రాత్రంతా వేసుకుంటూ ఉండాలి. పద్నాలుగు పన్నెండయిందంటే లోపల ఏదో జరుగుతోందని అర్థం.

దెబ్బ ఎంత పెద్దదైతే స్పృహ అంతగా పోతుందనుకుంటాం. కానీ 1848లో అమెరికాలో ఫినియాస్ గేజ్ అనే రైల్వే మేస్త్రీ తలలోంచి మూడున్నర అడుగుల ఇనుప కడ్డీ దూసుకుపోయింది. కొన్ని నిమిషాలకే అతను మాట్లాడాడు. మెలకువను నిలిపి ఉంచే ముఖ్యమైన నరాల అల్లిక మెదడు అడుగున, మెడకు దగ్గరగా ఉండే కాండంలో ఉందని 1949లో మొరుజ్జి, మెగూన్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. కడ్డీ అక్కడికి పోలేదు.

సినిమాలో తలకు దెబ్బ తగిలి పోయిన జ్ఞాపకం, ఇంకో దెబ్బతో తిరిగొస్తుంది. నిజంలో, మొదటి దెబ్బ నుంచి కోలుకోకముందే తగిలే రెండోది చాలా ప్రమాదం.

దెబ్బకు వాచిన మెదడుకు పుర్రెలో చోటు చాలదు. అందుకని ఎముక ముక్కను కోసి పక్కన పెడతారు. మన ఆసుపత్రుల్లో చాలాచోట్ల దాన్ని రోగి పొట్ట చర్మం కిందే దాచి, కొన్ని నెలలకు తీసి మళ్లీ తలకు అమరుస్తారు. పొట్టలో పుర్రె ముక్క అంటే బంధువులు బెదిరిపోతారు. ఎముకకు అది భద్రమైన చోటే మరి. ఈ ఆపరేషన్ చావులను బాగా తగ్గిస్తుందని 2016లో ఒక పెద్ద పరిశోధన తేల్చింది. బతికినవారిలో కొందరు మంచానికే పరిమితమయ్యారనీ అదే చెప్పింది. సంతకం పెట్టే ముందు ఇంట్లోవాళ్లకు ఈ రెండూ తెలియాలి.

వాపు తగ్గుతుందని దశాబ్దాలపాటు తల దెబ్బలకు స్టెరాయిడ్లు ఇచ్చారు. 10,008 మంది మీద పరీక్షించి చూస్తే, అవి తీసుకున్నవారిలోనే ఎక్కువమంది చనిపోయారు. 2004లో ఈ సంగతి బయటపడింది.

మాట లేదంటే ఎరుక లేదనీ కాదు. రోడ్డు ప్రమాదం తర్వాత ఐదు నెలలుగా ఏ పలుకూ లేని 23 ఏళ్ల అమ్మాయిని శాస్త్రవేత్త ఏడ్రియన్ ఓవెన్ బృందం ఎమ్మారై యంత్రంలో పడుకోబెట్టి, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమంది. తర్వాత, ఇంట్లో గది గదికీ తిరుగుతున్నట్టు ఊహించుకోమంది. రెండుసార్లూ ఆమె మెదడులో వేర్వేరు భాగాలు, ఆరోగ్యవంతుల్లో లాగే వెలిగాయి. 2006లో ఈ ఫలితం ప్రచురించారు. అప్పటిదాకా ఆ అమ్మాయికి తన గురించిన ఎరుకే లేదని లెక్కగట్టారు.