పెరట్లోనే గోల్ఫ్ గ్రీన్.. గడ్డి పరిస్తే అయిపోదు, అసలు పనంతా కిందే! వేయించే ముందు ఇవి చూసుకోండి

వెనక పెరట్లో పచ్చటి తివాచీ లాంటి చిన్న మైదానం. మధ్యలో గుంత, గుంతలో జెండా. అమెరికాలో ఉంటున్న మనవాళ్ల ఇళ్ల వీడియోల్లో ఇది కనిపిస్తూ ఉంటుంది. దీన్నే సింథటిక్ పుటింగ్ గ్రీన్ అంటారు. తెలుగువాళ్లు బాగా ఉండే టెక్సాస్‌లోని ఫ్రిస్కోకే అమెరికా పీజీఏ తన ప్రధాన కార్యాలయాన్ని మార్చుకుంది, 2022లో. ఇక అక్కడ గోల్ఫ్ ముచ్చట లేకుండా ఎలా ఉంటుంది? కాకపోతే చూడ్డానికి తివాచీ పరిచినంత తేలికగా కనిపించే ఈ పనిలో తేడా వస్తే డబ్బుతో పాటు ఇంటి పునాదికీ ముప్పే.

ప్లాస్టిక్ గడ్డే ఎందుకు?
పుటింగ్ అంటే బంతిని గాల్లోకి లేపకుండా నేల మీద దొర్లించి గుంతలో వేయడం. అసలు గడ్డి మీద అలా దొర్లాలంటే దాన్ని సుమారు 3 మిల్లీమీటర్ల ఎత్తుకు, దాదాపు రోజూ కోయాలి. ఇంట్లో అయ్యే పని కాదు. అందుకే నైలాన్ లేదా పాలీప్రొపిలీన్ గడ్డి వాడతారు.

నల్లరేగడితో జాగ్రత్త
ఫ్రిస్కో, ప్లేనో, అలెన్ ప్రాంతాల్లో ఉన్నది నల్ల బంకమట్టి. మన నల్లరేగడి లాంటిదే.. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. దాని మీద నేరుగా గడ్డి పరిస్తే ఒక్క వానాకాలానికే ఎత్తుపల్లాలు తేలతాయి. బంతి ఎటు కొట్టినా పల్లానికే పోతుంది. హైదరాబాద్ శివార్లలో నల్లరేగడి ఉన్న చోట విల్లా కట్టుకున్నవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

తవ్వే ముందు అమెరికాలో రెండు పనులు తప్పనిసరి. ఒకటి, కాలనీ సంఘం అంటే హెచ్‌ఓఏ ఉంటే దాని అనుమతి. రెండు, 811కి ఫోన్. గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తులు పెట్టి వెళ్తారు. అయితే మీ సొంత స్ప్రింక్లర్ పైపుల్ని వాళ్లు గుర్తించరు. అవి మీరే చూసుకోవాలి.

కింద ఏం వేయాలి?
15 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు గ్రీన్ అనుకుందాం. పైమట్టిని 5 అంగుళాలు తీసేయాలి. అడుగున జియోటెక్స్‌టైల్ గుడ్డ పరవాలి. రాయి మట్టిలో కూరుకుపోకుండా ఆపేది అదే. దాని మీద 4 అంగుళాల కంకర, ఆపైన అంగుళం రాతిపొడి. ఒక్క కంకరే 100 ఘనపుటడుగులు, అంటే సుమారు 5 టన్నులు! అంతా ఒకేసారి పోసి దిమ్మిస చేస్తే పైపైనే గట్టిపడుతుంది. రెండు అంగుళాల చొప్పున పోసి, తడిపి, ప్లేట్ కంపాక్టర్‌తో దట్టించాలి.

వాలు ఎటు అన్నది అన్నిటికన్నా ముఖ్యం. నూటికి ఒకటి, రెండు వంతుల వాలు చాలు. అంటే 10 అడుగులకు ఒకటి నుంచి రెండున్నర అంగుళాల లోపు. అది ఇంటి గోడ వైపు మాత్రం ఉండకూడదు. పక్కింటివాళ్ల పెరట్లోకి కూడా నీళ్లు వదలకూడదు. గడ్డి పరిచే ముందే పైపుతో నీళ్లు కొట్టి చూడండి. ఎక్కడ నిలిస్తే అక్కడ సరిచేసుకోవచ్చు. పరిచాక ఆ అవకాశం ఉండదు.

అతుకు లేకుండా..
గోల్ఫ్ గుంత కొలత ఎక్కడైనా ఒకటే.. వ్యాసం నాలుగుంపావు అంగుళాలు. ఆ కప్పుల్ని ముందే కాంక్రీటుతో బిగించాలి. గడ్డి చుట్టలు 15 అడుగుల వెడల్పులో దొరుకుతాయి కాబట్టి గ్రీన్ వెడల్పు ఆ లోపే ఉంచుకుంటే అతుకు బాధే ఉండదు. అతకాల్సి వస్తే రెండు ముక్కల పోచలూ ఒకే దిక్కుకు వాలి ఉండాలి. చుట్ట విప్పాక కొన్ని గంటలు ఎండలో వదిలేస్తే ముడతలు సర్దుకుంటాయి. కోసేటప్పుడు వెనక వైపు నుంచి కోయాలి. మేకులు అంచుల్లోనే కొట్టాలి.

పాలీప్రొపిలీన్ రకమైతే సన్నటి సిలికా ఇసుక చల్లి, బ్రష్‌తో లోపలికి దించి, రోలర్ నడపాలి. ఇసుక సర్దుకునే కొద్దీ బంతి వేగం పెరుగుతుంది. నైలాన్‌కు ఇసుకతో పెద్దగా పని లేదు, కానీ ధర ఎక్కువ. వేగం కొలిచేందుకు స్టింప్‌మీటర్ అని 36 అంగుళాల పట్టీ ఉంటుంది. దాని మీంచి జారిన బంతి ఎన్ని అడుగులు పోతే అదే గ్రీన్ వేగం.

ఎండ, అద్దం.. ఈ రెండూ మరవొద్దు
ప్లాస్టిక్ గడ్డి ఎండలో అసలు గడ్డి కన్నా చాలా ఎక్కువ వేడెక్కుతుంది. వేసవి మధ్యాహ్నం 60 డిగ్రీల సెల్సియస్ దాటిపోగలదు. పిల్లలు, పెంపుడు కుక్కల కాళ్లు కాలతాయి. నీళ్లు చల్లితే కాసేపే చల్లదనం. కాబట్టి మధ్యాహ్నం నీడ పడే చోటు ఎంచుకోవడం మేలు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. వేడిని ఆపే లో-ఈ అద్దాల కిటికీల నుంచి ఎండ తిరిగి ఒకే చోట పడితే ఈ గడ్డి కరిగిపోతుంది కూడా! గ్రీన్ చోటు ఖాయం చేసే ముందు ఆ వెలుగు ఎక్కడ పడుతోందో చూసుకోండి.

నీళ్లు పెట్టే పని, కోసే పని తప్పుతాయన్నది నిజమే. కానీ ఆకులు ఊడ్చాలి, పోచల్ని బ్రష్‌తో లేపాలి, కొన్నేళ్లకు మార్చాలి. తీసేసిన ప్లాస్టిక్‌ను రీసైకిల్ చేయడం కూడా కష్టమే. కాంట్రాక్టర్ కొటేషన్ ఇస్తే గడ్డి రకం కన్నా ముందు ఒకటే అడగండి.. "కింద ఎన్ని అంగుళాల కంకర వేస్తారు, నీళ్లు ఎటు పోతాయి?" దీనికి సూటిగా జవాబు రాకపోతే అడ్వాన్స్ ఇవ్వకపోవడమే మంచిది.