హైదరాబాద్‌లో ఫ్లాటు: చౌక ధర వెనుక లెక్క

హైదరాబాద్‌లో ఇల్లు వెతకడం మొదలుపెట్టగానే ఫోన్లు మొదలవుతాయి. ‘అడుగు 4 వేలే సార్, మొత్తం ఒకేసారి కట్టేవాళ్లకే ఈ రేటు. పర్మిషన్లు వచ్చాక 6,500’ అంటారు. మార్కెట్ భాషలో దీని పేరు ప్రీ లాంచ్. ఊళ్లో పొలం అమ్మిన డబ్బు, రిటైరయ్యాక వచ్చిన డబ్బు, అమెరికా నుంచి పిల్లలు పంపిన డబ్బు ఇందులో చిక్కుకుపోయిన కుటుంబాలు ఈ నగరంలో వేలల్లో ఉన్నాయి. అందుకే ఈ ఒక్క విషయాన్ని కాస్త నిదానంగా చూడాలి.

ఆ ధర ఎందుకంత తక్కువ? ప్రైవేటు బిల్డర్లకు భూమి కొనడానికి బ్యాంకులు రుణం ఇవ్వకూడదు. అది రిజర్వు బ్యాంకు నిబంధన. బయట ఫైనాన్స్ తెస్తే వడ్డీ భారీగా ఉంటుంది. కాబట్టి కొందరు భూమికి కావలసిన డబ్బును కొనేవాళ్ల దగ్గరే వసూలు చేస్తారు. ఆ దశలో మీరు కట్టేది పేరుకే ఫ్లాటు ధర, నిజానికి తాకట్టు లేకుండా ఇచ్చిన అప్పు. తగ్గించిన రేటే దానికి వడ్డీ.

ఆ వడ్డీ గిట్టుబాటవుతుందో లేదో లెక్కవేద్దాం. 1,500 చదరపు అడుగుల ఫ్లాటుకు అడుగు 4,000 చొప్పున 60 లక్షలు. పూర్తయ్యాక 6,500 పలికితే 97.5 లక్షలు. పైకి 37.5 లక్షల లాభం. అయితే భూమి, అనుమతులు, కట్టడం అన్నీ పూర్తయి తాళంచెవి చేతికి రావడానికి అయిదేళ్లు పడుతుందనుకోండి. 60 లక్షలకు 8.5 శాతం చక్రవడ్డీ కడితే అయిదేళ్లకు 90 లక్షలు దాటుతుంది. మిగిలేది 7 లక్షల చిల్లర. ఇంకో ఏడాది ఆలస్యమైతే అసలూ వడ్డీ కలిసి 97.9 లక్షలవుతాయి, లాభం మొత్తం పోతుంది. భూమి కోర్టులో పడినా, బిల్డరు చేతులెత్తేసినా పోయేది పూర్తి 60 లక్షలు. ఏడు లక్షల కోసం అరవై లక్షలను ఇలా ఒడ్డడం తెలివైన పెట్టుబడి కాదని నా అభిప్రాయం.

చట్టం కూడా ఇలాంటి అమ్మకాన్ని ఒప్పుకోదు. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) ప్రకారం 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గానీ, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో గానీ వచ్చే ప్రాజెక్టును నమోదు చేయకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. నమోదయ్యాక కూడా అమ్మకపు ఒప్పందాన్ని రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి వసూలు చేయకూడదు. కొనేవాళ్లు కట్టిన డబ్బులో 70 శాతాన్ని ప్రత్యేక ఖాతాలో ఉంచి, ఆ ప్రాజెక్టు భూమికీ కట్టడానికీ మాత్రమే వాడాలి. ఆలస్యమైతే వడ్డీ ఇవ్వాలి, కొన్నవారు వద్దంటే డబ్బు తిరిగివ్వాలి. స్వాధీనం చేశాక అయిదేళ్ల లోపు నిర్మాణ లోపం బయటపడితే సొంత ఖర్చుతో సరిచేయాలి. ఈ కాపలా అంతా రెరా నంబరు వచ్చాకే పూర్తిగా పనిచేస్తుంది. నంబరు లేని ప్రాజెక్టుపైనా ఫిర్యాదు చేయవచ్చు, ఉత్తర్వు కూడా రావచ్చు. కానీ భూమే పూర్తిగా కొనని కంపెనీ నుంచి డబ్బు రాబట్టడం ఏళ్ల తరబడి సాగే పని.

ప్రీ లాంచ్‌కు ఇంకో రూపం యూడీఎస్ అమ్మకం. అనుమతి రాకముందే భూమిలో అవిభాజ్య వాటాను మీ పేర రిజిస్టర్ చేస్తారు. చేతిలో దస్తావేజు ఉంటుంది కాబట్టి ధైర్యంగా అనిపిస్తుంది. కానీ ఏ మూల మీదో చెప్పలేని 30 గజాలతో, వందల మంది సహ యజమానుల మధ్య, మీరొక్కరే ఏమీ కట్టలేరు, సులువుగా అమ్మనూ లేరు.

అలాగని యూడీఎస్ పనికిరానిదేమీ కాదు. అనుమతులున్న ఫ్లాటు కొనేటప్పుడు అందరూ ముందుగా అడగాల్సింది దాని గురించే. కట్టడం విలువ ఏటా తరుగుతుంది, పెరిగేది భూమి విలువ. 2006లో వచ్చిన జీవో 86తో హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే స్థలాన్ని బట్టి ఎన్ని అడుగులు కట్టవచ్చన్న హద్దు, పోయింది. రోడ్డు వెడల్పు, వదలాల్సిన ఖాళీ సరిపోతే ఎత్తుగా కట్టుకుంటూ పోవచ్చు, ఆ మేరకు ఒక్కో ఫ్లాటుకు వచ్చే భూమి తగ్గుతుంది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం అత్యధికంగా 100.75 కోట్లు పలికింది. ఎకరం అంటే 4,840 గజాలు, గజం 2 లక్షల పైమాటే. అలాంటి ఎకరంలో 3 లక్షల అడుగులు కట్టారనుకుంటే, భూమి ఖర్చే అడుగుకు 3,358 రూపాయలు పడుతుంది. అక్కడ 2,000 అడుగుల ఫ్లాటుకు వచ్చే వాటా 32 గజాలు. వెయ్యి గజాల్లో 20 ఫ్లాట్లున్న పాత అయిదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో అయితే 1,200 అడుగుల ఫ్లాటుకే 50 గజాలు. పాతికేళ్ల తర్వాత ఆ పాత భవనాన్ని కూల్చి కట్టడానికి బిల్డర్లు వస్తారు. నలభై అంతస్తుల టవరు పాతబడితే ఎవరు, ఏ లెక్కన తిరిగి కడతారో ఈ నగరం ఇంకా చూడలేదు. ఉండటానికి టవరు బాగానే ఉంటుంది. భూమి పెరుగుదల కోసం కొనేవారు మాత్రం గజాలు లెక్కపెట్టుకోవాలి.

చెరువుల సంగతి వేరే చెప్పాలి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం) హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న కుంటలకు 9 మీటర్లు బఫర్‌గా వదలాలి. 2024 జులైలో చెరువుల ఆక్రమణలను కూల్చే సంస్థ హైడ్రా ఏర్పడ్డాక ఈ అంకెల బరువు జనానికి తెలిసింది. ఇల్లు పోగొట్టుకున్నవారిలో బ్యాంకు రుణంతో కొన్నవారూ ఉన్నారు. బ్యాంకు అప్పిచ్చిందంటే అంతా సక్రమమే అన్న నమ్మకాన్ని వదులుకోవాలి. హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైటులో మ్యాపులున్నాయి, సర్వే నంబరు పట్టుకుని చూడండి. రిజిస్ట్రేషన్ కూడా హక్కుకు హామీ కాదు. 1908 నాటి చట్టం దస్తావేజును నమోదు చేస్తుందే తప్ప అమ్మేవాడి హక్కు నిజమని పూచీ పడదు. లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్), నిషేధిత భూముల జాబితా ఈ మూడూ తెలిసిన లాయరుతో చూపించుకోవాలి. ఇంకొకటి. నిబంధనలు పాటిస్తానన్న హామీగా బిల్డరు కట్టడంలో 10 శాతాన్ని మున్సిపాలిటీకి మార్ట్‌గేజ్ చేస్తాడు. మీ ఫ్లాటు అందులో ఉంటే ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వచ్చేదాకా రిజిస్ట్రేషన్ కాదు. ముందే అడగండి.

ఇక అద్దె కోసం, లాభం కోసం కొనేవారి మాట. కోటి రూపాయల ఫ్లాటుకు 30 వేల అద్దె వస్తుందనుకుంటే ఏడాదికి 3.6 లక్షలు. ఆస్తి పన్ను, మరమ్మతులు, ఖాళీగా ఉన్న నెలలు తీసేస్తే 3 లక్షలు, అంటే 3 శాతం. 80 లక్షల రుణానికి 8.5 శాతం వడ్డీతో ఇరవై ఏళ్లకు ఈఎంఐ 69,400. ప్రతి నెలా 40 వేలకు పైగా జేబులోంచి వేసుకోవాలి. దీనికితోడు రిజిస్ట్రేషన్‌కు 7.5 శాతం, నిర్మాణంలో ఉన్న ఫ్లాటుకు 5 శాతం జీఎస్టీ. ధర 12.5 శాతం పెరిగితే తప్ప పెట్టింది తిరిగి రాదు. ఓసీ వచ్చాక కొంటే ఆ జీఎస్టీ ఉండదు. పడమటి వైపు ఒకే రోడ్డులో వేల ఫ్లాట్లు ఒకేసారి తయారవుతున్నాయి. అద్దెకిచ్చేవారూ అమ్మేవారూ అక్కడ ఒకరికొకరు పోటీ.

సొంతానికి ఉండే ఇంటికి ఈ లెక్క ఒక్కటే కొలబద్ద కాదు. పిల్లల బడి, ఆఫీసు దూరం, ముసలి తల్లిదండ్రుల ఆసుపత్రి, ఖాళీ చేయమనేవాళ్లు లేని నిశ్చింత, వీటికీ విలువుంది. స్థోమతకు లోబడి ఆ ఇల్లు కొనుక్కోవడం మంచిదే. రెండో ఇల్లు, మూడో ఇల్లు మాత్రం పూర్తిగా అంకెల మీదే నిలబడాలి.

ఎవరైనా ఇవాళే డబ్బు కట్టాలని తొందరపెడితే రెరా నంబరు అడగండి. తెలంగాణ రెరా వెబ్‌సైటులో ఆ నంబరు కొట్టి ప్రాజెక్టు పేరు, సర్వే నంబర్లు, పూర్తి కావాల్సిన తేదీ సరిపోయాయో చూసుకోండి. నంబరు ఇంకా రాలేదంటే, వచ్చాకే మాట్లాడదామని చెప్పి ఫోన్ పెట్టేయండి.