మీకు తెలుసా? బొమ్మల మీద వేలిముద్రలు

2005లో వచ్చిన బ్రిటిష్ హాస్యచిత్రం ‘వాలెస్ అండ్ గ్రోమిట్: ద కర్స్ ఆఫ్ ద వేర్-రాబిట్’ తీయడానికి సుమారు ఐదేళ్లు పట్టింది. ప్లాస్టిసిన్ బొమ్మను వెంట్రుకవాసి కదిపి ఒక ఫ్రేము, మళ్లీ కదిపి ఇంకొకటి. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు కావాలి. ఎంత ఓపికో! గ్రోమిట్ కుక్కకు నోరే కనిపించదు, అభినయమంతా కనుబొమల్లోనే.

బొమ్మల మీద అక్కడక్కడా యానిమేటర్ల వేలిముద్రలుంటాయి. కావాలనే చెరపలేదు. ఇంట్లో డీవీడీ వేసి, మధ్యలో ఆపి చూస్తే అవి దొరుకుతాయి. సహదర్శకుడు స్టీవ్ బాక్స్ లఘుచిత్రం ‘స్టేజ్ ఫ్రైట్’ కూడా ఆ డిస్కులోనే ఉంది.

2005 అక్టోబరు 10న బ్రిస్టల్‌లో ఈ సినిమా తీసిన ఆర్డ్‌మన్ స్టూడియో గోదాము తగలబడి, పాత చిత్రాల సెట్లెన్నో బూడిదయ్యాయి. మరుసటి మార్చిలో ఈ సినిమాకు ఆస్కార్ వచ్చింది.