మా యింటి క్రొత్త టెలివిజను

మా పాత టెలివిజను పదునాలుగేండ్లు మాతో కాపురముండి, 2025 వేసవిలో ప్రాణము విడిచినది. కర్నూలు ఎండను, దుమ్మును, కరెంటు హెచ్చుతగ్గులను అన్నాళ్లు ఓర్చుకొన్న దానిని నిందించుటకు మాకు నోరు రాలేదు. క్రొత్తది కొనవలెనా వలదా యని మూడు నెలలు తర్జనభర్జనలు జరిగినవి. మా వారు ఉపాధ్యాయులు. ఇంట నిన్ని పుస్తకములుండగా పెట్టె యెందుకని వారి వాదము. తొమ్మిదవ తరగతి చదువుచున్న మా అమ్మాయికి సెల్‌ఫోనే చాలును. మాకు వంటయింటి పని ముగియుసరికే కన్నులు మూతలుపడును. ఇక మిగిలినది మా అత్తగారు. ఆమె నోరు తెఱచి అడుగలేదు. అడుగకపోవుటయే మమ్ము బాధించినది.

అత్తగారికి అఱువదినాలుగేండ్లు. ఒక కంటి శుక్లము తీయించితిమి. రెండవ కంటి చూపు మధుమేహమువలన మందగించినది. పుస్తకములోని అక్షరము ఆనదు. పాత పెట్టె యెదుట ఆమె కూర్చున్నపుడు మా అమ్మాయి ప్రక్కన చేరి, "ఇప్పుడు వాడు తలుపు తీసినాడు జేజీ, జాబు చదువుతున్నాడు" అని చెప్పుచుండెడిది. సంజయుడు చెప్పగా ధృతరాష్ట్రుడు వినినట్లుండెడిది ఆ వేడుక. కాని పరీక్షలు వచ్చినపుడు సంజయునికి తీరికయేది? పెద్ద బొమ్మ యున్నచో ఆమెయే చూడగలదని తుదకు నిశ్చయించితిమి.

ఆ యేడు సెప్టెంబరు 22 నుండి 32 అంగుళములకు మించిన టెలివిజనులపై జి.ఎస్.టి. నూటికి 28 నుండి 18కి తగ్గుటయు మాకు కలిసివచ్చినది. దీపావళికి 43 అంగుళములది తెచ్చితిమి. కరెంటు ఖర్చునుగూర్చి జంకవలసిన పని లేదు. మా పెట్టె వెనుక 85 వాట్లని యున్నది. దినమునకు అయిదు గంటలు నడిపినను నెలకు దాదాపు 13 యూనిట్లు. పాతదానిని మాత్రము పాతసామానువానికిచ్చి పగులగొట్టింపకుడు. ఆ గాజుబుఱ్ఱలో సీసము కలదు. విద్యుత్పరికరముల చెత్తను సేకరించువారికే అప్పగింపవలెను.

అంగడివారు మఱునాడే మనిషిని పంపెదమనిరి. నాలుగు దినములకు వచ్చినాడు. అంతవఱకు అట్టపెట్టె నడవలో గోడకానియే యుండెను. ఆ నాలుగు రాత్రులు అత్తగారు దాని ప్రక్కన కూర్చుండి, తాము తొలిసారి చూచిన టెలివిజను కథ చెప్పిరి. ఇన్నేండ్ల కాపురములో మేమెన్నడును వినని కథ అది.

1975 ఆగష్టు 1 నుండి 1976 జూలై 31 వఱకు మన దేశములో సైట్ అను ప్రయోగము జరిగినది. అమెరికావారి ఏ.టి.యస్.-6 అను ఉపగ్రహమును ఒక యేడాదికి మనవారు వాడుకొనిరి. ఆఱు రాష్ట్రములలో 2,400 పల్లెలను ఎన్నుకొనిరి. ఆంధ్రప్రదేశములో ఎన్నికైన జిల్లాలలో మన కర్నూలొకటి. ఈ యూహకు మూలపురుషుడు విక్రమ్ సారాభాయి. 1971లోనే కన్నుమూసిన ఆయన దీనిని చూడనేలేదు. పెట్టెలను హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. వారు చేసిరి. కోళ్లగూటికి వాడు తీగవలను పెద్ద గొడుగువలె అమర్చి, దానితో ఆకాశమునుండి వచ్చు బొమ్మను పట్టెడివారు. హైదరాబాదు దూరదర్శన కేంద్రము 1977లో గాని తెఱువబడలేదు. పట్టణవాసులు పలువురు చూడకమునుపే మన మెట్టపల్లెలు టెలివిజనును చూచినవన్నమాట!

అత్తగారి తండ్రిగారు పల్లెబడి పంతులు. పెట్టెను బడిలోనే యుంచి తాళపుచెవి వారికిచ్చిరి. ఉదయము బడిపిల్లలకు పాఠములు. సాయంకాలము సేద్యము, పశువులు, ఆరోగ్యము, పాటలు, తోలుబొమ్మలు. పిల్లలు ముందు, స్త్రీలు గోడవార, మగవారు వెనుక. మీట త్రిప్పు అధికారము పంతులుగారిదే. ఇతరులు దానిని తాకరాదు. "మా నాయినకు జరమొస్తే ఆ పొద్దు నేనే తిప్పితి. ఊరంతా చూసిరి" అని అత్తగారు చెప్పుచు, చీకటిలో వేళ్లతో గాలిలోనే మీట త్రిప్పి చూపిరి. అప్పటికి ఆమెకు పదునాలుగేండ్లు. గడువు తీరి ఉపగ్రహము తరలిపోగా ఆ యూరి పెట్టె మూగవోయినదట. మఱుసటి యేడే ఆమెకు సంబంధములు చూడ మొదలిడిరి.

క్రొత్త పెట్టె గోడకెక్కినది. బొమ్మ దివ్యముగ నున్నది. కాని త్రిప్పుటకు మీట యేది? దీపము వెలిగినంతనే ఇరువది చదరములు తెఱమీద వరుసలు కట్టును. ఒక్కొక్కదానిలో ఒక్కొక్క అంగడి. కేబులు ప్రసారము ఏ మూలనో నుండును. మాటతో ఆజ్ఞాపింపవచ్చునని అమ్మాయి నేర్పగా, అత్తగారు రిమోటును నోటికడ్డముగ బట్టి "హరికథ పెట్టు నాయినా" అనిరి. పెట్టె ఏదో సినిమాపాట వినిపించినది. అందఱమును నవ్వితిమి. ఆమెయు నవ్విరి. ఆనాడు నవ్వకుండిన బాగుండెడిదని తరువాత మాకు తోచినది.

పదిదినములు గడచిన పిమ్మట ఒక మధ్యాహ్నము మేము కూరగాయలు కొని తిరిగివచ్చుసరికి, అత్తగారు నల్లని తెఱ యెదుట చేతులు ఒడిలో నుంచుకొని కూర్చుండియున్నారు. ఏమత్తయ్యా యని యడిగితిమి. "కరెంటు లేనట్టుందమ్మాయ్" అనిరి. ఆమె తలపైన పంకా గిరగిర తిరుగుచున్నది. మేమేమియు అనలేక సంచి దింపి లోనికి పోతిమి. ఆమె కొఱకని తెచ్చిన వస్తువును, ఆమె చేతికి అందనిచోట నిలిపితిమి గదా!

ఆ రాత్రి మా వారు, అమ్మాయి కూర్చుండి పెట్టెలోని ఏర్పాటులన్నియు వెదకిరి. దీపము వెలుగగానే చదరములు రాక నేరుగా కేబులు ప్రసారమే వచ్చునట్లు చేయు వీలు అందులోనే యున్నది. అంగడిలో ఈ సంగతి ఎవరును చెప్పలేదు. సోదరీమణులు కొనునపుడు బొమ్మ సొగసుకంటె ముందు దీనిని అడుగవలెను. తెఱమీది పేర్లు తెలుగున చూపు వీలున్నదేమో కూడ అడుగుడు, కొన్నిటిలో కలదు. మేము టెలివిజను రిమోటుకొక గుడ్డసంచి కుట్టి, వెలిగించు మీటకు, ధ్వని మీటలకు మాత్రము కన్నములుంచితిమి. కేబులుపెట్టె రిమోటుమీద ప్రసారములు మార్చు మీటపై ఎఱ్ఱదారపు ముడి అంటించితిమి. చూపు లేకున్నను వ్రేలికి తెలియును. సంచి కుట్టుటకు పట్టినది అరగంట. దానికొఱకు ఆమె పదిదినములు వేచియుండవలసివచ్చినది.

ఇపుడు సాయంకాలము ఆఱున్నరకు అత్తగారే వెలిగించుచున్నారు. ప్రక్కయింటి ఇద్దఱు ముదుసలులును వచ్చి గోడవార కూర్చుందురు. మొన్న క్రికెట్టు చూచెదనని మా వారు చేయి చాపగా, ఆమె గుడ్డసంచిని తలగడక్రిందికి త్రోసి, "నా సీరియలు అయిపోనీరా" అనిరి. మా వారు పుస్తకము తీసికొని మిద్దెమీదికి పోయిరి.