తాళపుచెవి యెవరిది?

ఇంటికి తాళము వేసికొనుట అందరికిని తెలిసిన పనియే. దొంగ వస్తువు నెత్తుకొనిపోయిన తరువాత కూడ పనిచేయు తాళ మొకటి కలదు. అది స్మార్ట్‌ఫోనులో నుండును. దానిని ‘కిల్ స్విచ్’ అందురు.

ఫోను పోగొట్టుకొన్నవాడు వేరొక యంత్రమునుండి ఇంటర్నెట్టు ద్వారా ఒక ఆజ్ఞ పంపును. అది అందినంతనే ఫోను బిగిసిపోవును. యజమాని సంకేతపదము లేనిదే మరల తెరచుకొనదు. లోపలి సమాచారమును తుడిచివైచి క్రొత్తదానివలె చేయజూచినను ఫలము లేదు. పనికిరాని ఫోనును కొనువారు తగ్గుదురు. కొనువారు తగ్గినచో దొంగిలించువారును తగ్గుదురు. ఇదియే ఇందలి యుపాయము.

అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో వంటి నగరములలో ఫోనుల దొంగతనములు మిక్కుటము కాగా, 2014 ఆగస్టులో కాలిఫోర్నియా రాష్ట్రము ఒక శాసనము చేసెను. మార్క్ లీనో అను సెనేటరు దానిని ప్రతిపాదించెను. 2015 జూలై 1వ తేదీ మొదలుకొని తయారై ఆ రాష్ట్రమున అమ్మబడు స్మార్ట్‌ఫోనులందు ఇట్టి తాళ ముండవలెనని దాని నిబంధన. 2014 మే నెలలోనే మిన్నెసోటా రాష్ట్రమును ఇట్టి శాసనము చేసియుండెను.

ఇది మంచి పనియే గదా యని మీకు తోచవచ్చును. కాని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అను పౌరహక్కుల సంస్థ కాలిఫోర్నియా శాసనమును వ్యతిరేకించెను. దూరమునుండి ఫోనును మూయించు శక్తి యజమాని చేతిలోనే నిలుచునా? ప్రభుత్వము దానిని చేజిక్కించుకొన్నచో, సభకు కూడిన జనుల ఫోనులన్నియు ఒక్కమారుగా మూగపోవచ్చును గదా?

ఈ భయము ఊరక పుట్టినది కాదు. 2011 ఆగస్టులో శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతపు ‘బార్ట్’ రైలు సంస్థ, ప్రజల నిరసనను నివారించుటకై, తన స్టేషనులు కొన్నింటిలో సెల్‌ఫోను సేవను సుమారు మూడు గంటలసేపు నిలిపివేసెను. ఆ సమయమున అచ్చట ఎవరికైన ఆపద కలిగినను, తన ఫోనులో సహాయము కోరుటకు వీలులేకుండెను. నిరసనకారులతోపాటు దారిన పోవు ప్రయాణికులును ఆ చిక్కులో పడిరి.

అందుచేత కాలిఫోర్నియా శాసనమున రెండు కట్టుబాట్లు చేర్చబడినవి. తాళము వలదనుకొను యజమాని దానిని తొలగించుకొనవచ్చును. ప్రభుత్వాధికారులు దాని ద్వారా ఫోను సేవను ఆపగోరినచో, ప్రాణాపాయకరమగు అత్యవసరములందు తప్ప, ముందుగా న్యాయస్థానపు ఉత్తర్వు పొందవలెను.

విద్యార్థులారా! తాళము కొనువాడు దాని గట్టిదనమును పరీక్షించును. దాని చెవి యెన్ని చేతులలో నున్నదో, ఆ చేతులను కట్టడి చేయు న్యాయమేదో విచారించుట పౌరుని ధర్మము. రేపు వోటు వేయవలసిన మీకు ఈ విచారణ ఇప్పటినుండియే అలవడవలెను.